ట్రెక్‌కి షూస్ కంటే ముందు సెలవులు లెక్కపెట్టుకోండి

మొన్న మా ఆఫీసులో పనిచేసే తమ్ముడొకడు టీ తాగుతూ అడిగాడు. "అన్నా, డిసెంబర్ చివర్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్ బుక్ చేశాను. షూస్ ఏవి తీసుకోమంటావు?"

"షూస్ సంగతి తర్వాత చూద్దాం. ఎన్ని రోజులు సెలవు పెట్టావు?"

"నాలుగు. శని, ఆదివారాలు కలిపితే ఆరు. సరిపోతాయి కదా."

హిమాలయాల్లో మొదటిసారి ట్రెక్‌కి వెళ్ళేవాళ్ళు దాదాపు అందరూ ఇదే వరసలో ఆలోచిస్తారు. ముందు షూస్, తర్వాత జాకెట్, తర్వాత జిమ్. రోజులు మాత్రం లీవ్ బ్యాలెన్స్ ఎంత ఉంటే అంత. నా మొదటి ట్రెక్‌కి నేనూ అలాగే వెళ్ళాను. ఉదయాన్నే పది కిలోమీటర్లు పరుగెత్తే అలవాటుండేది కాబట్టి నాకేమీ కాదనుకున్నాను. మూడో రాత్రి 3,400 మీటర్ల దగ్గర టెంట్‌లో తల పగిలిపోతుంటే, పక్కన పడుకున్నవాడికి చెప్పడానికి సిగ్గుపడి తెల్లవార్లూ మేలుకునే ఉన్నాను. పరుగు నా కాళ్ళను సిద్ధం చేసింది, ఆ ఎత్తుకు మాత్రం చేయలేదు. ఈ రెండూ వేరు వేరు పనులని అప్పటికి నాకెవరూ చెప్పలేదు.

అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఎత్తు గురించే. మిగతావి ఊళ్ళోనే సరిచేసుకోవచ్చు. ఎత్తుకు అలవాటు పడటం మాత్రం మన ఊళ్ళో కుదరదు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, విజయవాడ దాదాపు సముద్రమట్టంలోనే ఉన్నట్టు లెక్క. తూర్పు కనుమల్లో బాగా ఎత్తైన కొండల్లో ఒకటైన, అల్లూరి జిల్లాలోని అర్మ కొండ కూడా 1,680 మీటర్లే. ఎత్తు వల్ల ఒంట్లో తేడా చేయడం మొదలయ్యేది సాధారణంగా 2,500 మీటర్లు దాటాక. అంటే మన రెండు రాష్ట్రాల్లో ఏ కొండ ఎక్కినా ఆ పరీక్ష మనకు ఎదురుకాదు.

గాలి ఎందుకు చాలదు

పైకి వెళ్ళేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బందరు తీరంలోనూ ఎవరెస్ట్ శిఖరం మీదా గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతమే. మారేది ఒత్తిడి. గోడౌన్‌లో పత్తి బస్తాలు ఒకదానిమీద ఒకటి పేర్చితే అడుగు బస్తా పైవాటి బరువుకు నలిగి గట్టిపడుతుంది, పై బస్తా వదులుగా ఉంటుంది. గాలి కూడా అంతే. మైదానంలో మనం అడుగు బస్తాలో ఉంటాం, ఒక్క శ్వాసలో బోలెడంత గాలి పడుతుంది. 3,400 మీటర్ల దగ్గర ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. 5,500 మీటర్ల దగ్గర సగం. అంతే లోతుగా ఊపిరి పీల్చినా లోపలికి వెళ్ళే ఆక్సిజన్ ఆ లెక్కన తగ్గిపోతుంది.

దీన్ని ఒళ్ళు వెంటనే గుర్తిస్తుంది. మెడలోని పెద్ద రక్తనాళాల దగ్గర ఆక్సిజన్ తగ్గితే పసిగట్టే చిన్న అవయవాలు ఉన్నాయి. అవి ఊపిరి వేగం పెంచమని కబురు పెడతాయి, మనం ఎక్కువగా పీలుస్తాం. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ఊపిరి వేగం పెరిగితే కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువగా బయటికి పోతుంది. రక్తంలో అది తగ్గితే రక్తం క్షార గుణం వైపు జరుగుతుంది. మెదడులో శ్వాసను నడిపే భాగం అది చూసి, ఇక చాలు, నెమ్మదించమంటుంది. ఒక చోటి నుంచి వేగం పెంచమని, ఇంకో చోటి నుంచి తగ్గించమని ఒకేసారి ఆదేశాలు వస్తాయి.

రాత్రి నిద్రలో ఈ పెనుగులాట బాగా కనిపిస్తుంది. టెంట్‌లో పక్కవాడు నాలుగైదుసార్లు గబగబా ఊపిరి పీల్చి, కొన్ని సెకన్లు పూర్తిగా ఆపేసి, ఉలిక్కిపడ్డట్టు మళ్ళీ మొదలుపెడతాడు. మొదటిసారి విన్నప్పుడు గుండె ఆగినంత పనవుతుంది. ఆ ఎత్తులో ఇది చాలామందిలో ఉంటుంది, ఇదొక్కటే ఉంటే జబ్బు కాదు.

ఈ తగవు తీర్చేది మూత్రపిండాలు. రక్తంలో ఎక్కువైన క్షారాన్ని అవి బైకార్బనేట్ రూపంలో మూత్రంలోకి పంపేస్తాయి. అది జరిగాక మెదడు అడ్డు చెప్పడం మానేస్తుంది, రాత్రీ పగలూ కావలసినంత ఊపిరి పీల్చుకోవడానికి దారి దొరుకుతుంది. ఎత్తు మీద మొదట్లో అస్తమానం మూత్రానికి వెళ్ళాల్సి రావడం ఈ పని జరుగుతోందనడానికి ఒక మంచి గుర్తు. అయితే మూత్రపిండాలకు ఈ పని పూర్తిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు కావాలి. కండలకు శిక్షణ ఇచ్చినట్టు మూత్రపిండాలకు ఇవ్వలేం. మారథాన్ పరుగెత్తేవాడికీ, రోజంతా కుర్చీలో కూర్చునేవాడికీ ఈ పని దాదాపు ఒకే తీరులో జరుగుతుంది. ఫిట్‌గా ఉన్న కుర్రాళ్ళు ఇంకా ఎక్కువ ప్రమాదంలో పడటానికి కారణం కూడా ఇదే. కాళ్ళు సహకరిస్తాయి కాబట్టి వాళ్ళు త్వరగా పైకి చేరుకుంటారు, ఒంటికి దొరకాల్సిన గడువు దొరకదు.

సెలవులు లెక్కపెట్టుకోమన్నది ఇందుకే.

రాత్రి ఎక్కడ పడుకుంటున్నాం?

పర్వత వైద్యులు చెప్పే లెక్క సులువైనది. 3,000 మీటర్లు దాటాక, ముందు రాత్రి పడుకున్న చోటుకంటే ఈ రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఇంకో రాత్రి అక్కడే ఉండాలి. పగలు ఎంత పైకి ఎక్కి దిగినా ఇబ్బంది తక్కువ. ఒంటికి ముఖ్యం నిద్రపోయే ఎత్తు.

ఈ లెక్క పట్టుకుని ట్రెక్కింగ్ వాళ్ళ ప్లాన్ చదివితే చాలా విషయాలు బయటపడతాయి. కేదార్‌కంఠే తీసుకుందాం. డెహ్రాడూన్ నుంచి రోజంతా జీపులో ప్రయాణించి సాంక్రి చేరతాం, అది సుమారు 1,950 మీటర్లు. మర్నాడు జూడా కా తాలాబ్ దగ్గర, సుమారు 2,750 మీటర్ల ఎత్తులో మకాం. మూడో రాత్రి బేస్ క్యాంప్, సుమారు 3,400. ఆ తెల్లవారుజామున లేచి 3,800 మీటర్ల శిఖరం ఎక్కి, అదే రోజు కిందికి దిగి పడుకుంటాం. శిఖరం మీద నిద్రపోం కాబట్టి ఎక్కువమంది గట్టెక్కుతారు. అయితే రెండో రాత్రికీ మూడో రాత్రికీ మధ్య తేడా 650 మీటర్లు, అంతకు ముందు రోజు 800. ఎత్తంటే ఏమిటో తెలియని ఒంటికి ఇది కాస్త ఎక్కువే. సాంక్రిలో ఒక రాత్రి అదనంగా ఉండి, ఆ పగలు చుట్టుపక్కల కొండలు ఎక్కి దిగితే ఎంతో తేడా ఉంటుంది. ఖర్చు ఒక్క రోజు సెలవే.

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ నడక చూడండి. లుక్లా 2,860 మీటర్లు, నామ్చే బజార్ 3,440, డింగ్‌బోచె 4,410, గోరక్‌షెప్ 5,164, బేస్ క్యాంప్ 5,364. మామూలు ప్లాన్‌లో నామ్చేలో రెండు రాత్రులు, డింగ్‌బోచెలో రెండు రాత్రులు ఉంటాయి. వాటిని 'విశ్రాంతి రోజులు' అని రాస్తారు. చదివేవాళ్ళకు అవి వృథా రోజుల్లా కనిపిస్తాయి, రెండు రోజులు తగ్గిస్తే చవకవుతుంది కదా అని బేరమాడతారు. ఆ ప్లాన్ మొత్తంలో దేన్ని తగ్గించినా ఆ రెండు రాత్రుల్ని మాత్రం ముట్టుకోకూడదు.

లేహ్ సంగతి ఇంకా కష్టం. ఢిల్లీలో పొద్దున్నే విమానం ఎక్కితే టిఫిన్ వేళకు సుమారు 3,500 మీటర్ల ఊళ్ళో దిగుతాం. దిగగానే బాగానే ఉంటుంది. తలనొప్పి, వికారం వచ్చేది కొన్ని గంటల తర్వాత, ఎక్కువగా మొదటి రాత్రి. ఆ బాగున్న కొన్ని గంటల్ని నమ్ముకుని అదే రోజు బైక్ మీద ఇంకా ఎత్తులో ఉన్న ఖార్దుంగ్ లా కనుమ ఎక్కాలనుకోవడం చాలా ప్రమాదం. కనీసం రెండు రోజులు లేహ్‌లోనే ఉండాలి.

ఇవి ట్రెక్కర్లకే పరిమితం కాదు. కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తులో ఉంది, అమర్‌నాథ్ గుహ 3,888. ఏటా మన ఊళ్ళ నుంచి అమ్మానాన్నలు, పెద్దమ్మలు, బాబాయిలు బస్సులు మాట్లాడుకుని వెళ్తారు. మోకాళ్ళ నొప్పులని హెలికాప్టర్ టికెట్ కొనిస్తాం. మోకాళ్ళకు అది మంచిదే, కానీ ఒళ్ళు ఎత్తుకు సర్దుకునే సమయాన్ని అది పూర్తిగా తీసేస్తుంది. ముందు రాత్రి వాళ్ళను గుప్తకాశీలోనో ఫాటాలోనో ఉంచి, పైన ఎక్కువసేపు ఉండకుండా దర్శనం చేసుకుని దిగమని చెప్పడం పిల్లలుగా మనం చేయగలిగిన పని.

కర్పూరం, ఆక్సిమీటర్, మాత్ర

పై ప్రయాణాలకు వెళ్ళే మనవాళ్ళు చాలామంది గుడ్డలో కర్పూరం మూటకట్టుకుని వాసన చూస్తారు. కర్పూరం వాసనకు ముక్కు చల్లగా అనిపిస్తుంది, గాలి బాగా ఆడుతున్నట్టు తోస్తుంది. రక్తంలో ఆక్సిజన్ మాత్రం పెరగదు. ధైర్యం కోసం పెట్టుకుంటే పెట్టుకోండి, కానీ తలనొప్పి వచ్చినప్పుడు దాన్ని నమ్ముకుని పైకి నడవకండి. పొరపాటున కూడా నోట్లో వేసుకోకూడదు, అది విషం. డబ్బాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ కూడా కొన్ని నిమిషాల ముచ్చటే.

కరోనా తర్వాత ఇంటింటా పల్స్ ఆక్సిమీటర్ ఉంది. 94 కంటే తగ్గితే ఆస్పత్రికి పరుగెత్తాలన్న భయం మనలో నాటుకుపోయింది. 3,500 మీటర్ల దగ్గర హాయిగా తిరుగుతున్న మనిషికీ 90 లోపు చూపించవచ్చు. వేళ్ళు చల్లబడితే అంకె ఇంకా తప్పుతుంది. అందుకని ఆ అంకె చూసి టెన్షన్ పడటమూ తప్పే, అంకె బాగుందని తలనొప్పిని పట్టించుకోకపోవడమూ తప్పే. మనిషి ఎలా ఉన్నాడన్నదే ముఖ్యం.

డయామాక్స్ పేరుతో దొరికే అసిటజోలమైడ్ మాత్ర మాత్రం నిజంగా పనిచేస్తుంది. పైన చెప్పిన మూత్రపిండాల పనిని అది త్వరగా మొదలుపెట్టిస్తుంది. ముందు జాగ్రత్తగా డాక్టర్లు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ఒక రోజు ముందు నుంచి వేసుకోమంటారు. వేళ్ళు తిమ్మిర్లు ఎక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది. సల్ఫా మందులు పడనివాళ్ళు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వేసుకోకూడదు. ఆ మాటకొస్తే ఎవరైనా అడిగే వేసుకోవాలి. మాత్ర ఉంది కదా అని రోజులు తగ్గించుకోవడానికి దాన్ని వాడకూడదు. మద్యం, నిద్రమాత్రలు పైన పూర్తిగా మానాలి. నిద్రలో ముందే తడబడుతున్న శ్వాసను అవి ఇంకా మందగింపజేస్తాయి.

నీళ్ళు బాగా తాగితే ఎత్తు వల్ల వచ్చే జబ్బు, అంటే ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ రాదని కూడా అంటారు. నీళ్ళు తక్కువైనా తలనొప్పి వస్తుంది కాబట్టి నీళ్ళు తాగాల్సిందే, కానీ ఎత్తు వల్ల వచ్చే నొప్పికి నీళ్ళు మందు కాదు. బలవంతంగా లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదో ప్రమాదం.

తలనొప్పి, దానికి తోడు వికారమో నీరసమో కళ్ళు తిరగడమో ఉంటే అది ఆల్టిట్యూడ్ సిక్‌నెస్సే అనుకోవాలి. వేరే కారణమని తేలేదాకా అలాగే చూడాలి. అక్కడే ఆగాలి, తగ్గితే ఎక్కాలి, పెరిగితే దిగాలి. దీని తర్వాత వచ్చే రెండు రూపాలు ప్రాణాంతకం. ఒకటి మెదడు వాపు. మనిషి తాగినవాడిలా తూలుతాడు, మాట తడబడుతుంది, ఏం అడిగినా పొంతన లేని జవాబు వస్తుంది. మడమకు బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడవమంటే నడవలేడు. రెండోది ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం. కూర్చున్నా ఆయాసం తగ్గదు, దగ్గు ఆగదు, ముదిరితే గులాబీ రంగు నురగ పడుతుంది. ఇది తలనొప్పి లేకుండానే రావచ్చు, తరచుగా రెండో రాత్రి బయటపడుతుంది. రెంటికీ అసలు వైద్యం కిందికి దింపడమే. తెల్లారాక చూద్దామని ఆగకూడదు, ఒంటరిగా పంపకూడదు. 300 మీటర్ల నుంచి వెయ్యి మీటర్లు దిగేసరికి మార్పు మొదలవుతుంది.

ఇంత తెలిసినా ఎందుకు చెప్పం? నేను ఆ రాత్రి ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. డబ్బు కట్టాను. ఏడాదికి ఒకసారి దొరికే సెలవు. నా వల్ల మిగతావాళ్ళు ఆగిపోతారేమో. ఫొటోలు ఇంట్లోవాళ్ళకు పంపుతానన్నాను. అందుకే ఇప్పుడు నేను వెళ్ళే ప్రతి బృందంలోనూ మొదటి సాయంత్రమే ఒక మాట అనుకుంటాం. రోజూ రాత్రి భోజనాల దగ్గర ఒకరినొకరం తల ఎలా ఉంది, తిన్నావా, మూత్రం బాగా అవుతోందా అని అడగాలి. అడిగితే చెప్పడం సులువవుతుంది. అడగకపోతే ఎవరూ నోరు విప్పరు.

ఊళ్ళోనే చేసుకోగలిగినవి

ఇక కాళ్ళు. ట్రెక్‌లో మోకాళ్ళు దెబ్బతినేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. దిగుతున్నప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపుకోవాలి. అలవాటు లేని కండరానికి అది చాలా కష్టం, మర్నాడు మెట్టు దిగలేనంత నొప్పి వస్తుంది. దీనికి మన దగ్గర ఉన్నంత మంచి శిక్షణ స్థలం ఇంకెక్కడా లేదేమో. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారి చిన్నది, 2,388 మెట్లు. మోకాళ్ళ పర్వతం దగ్గర అందరికీ కాళ్ళు వణుకుతాయి. కానీ మనం ఎక్కి దర్శనం చేసుకుని బస్సులో దిగిపోతాం. ట్రెక్‌కి సిద్ధపడేవాళ్ళు ఒక్కసారైనా మెట్ల మీదుగానే దిగి చూడాలి. తిరుపతి దూరమైతే అపార్ట్‌మెంట్ మెట్లు చాలు. బ్యాగులో నీళ్ళ సీసాలు పెట్టుకుని, ఏడెనిమిది కిలోల బరువుతో ఎక్కడమూ దిగడమూ రెండూ చేయాలి. లిఫ్ట్‌లో దిగితే సగం శిక్షణ పోయినట్టే.

ఒక రోజు నడకకూ అయిదు రోజుల నడకకూ తేడా రెండో రోజు పొద్దున తెలుస్తుంది. శనివారం నాలుగైదు గంటలు నడిచి, ఆదివారం ఆ నొప్పులతోనే మళ్ళీ నడవాలి. రెండు నెలల్లో నాలుగైదు వారాంతాలు ఇలా గడిపితే చాలు. కొత్త షూస్ ఈ నడకల్లోనే పాతబడాలి. నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది కాబట్టి సాయంత్రం పూట, వేసుకోబోయే మందపాటి సాక్స్‌తో కొలత చూసుకోవాలి. ముందు వేళ్ళకు కాస్త చోటు ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడుతుంది. మడమ దగ్గర మంటగా అనిపించిన క్షణమే ఆగి టేప్ వేయాలి. పొక్కు లేచాక వేస్తే ఉపయోగం తక్కువ.

వెళ్ళేముందు హిమోగ్లోబిన్ పరీక్ష ఒకటి చేయించుకోండి. ఆడవాళ్ళు మరీ ముఖ్యంగా. ఆక్సిజన్‌ను మోసేది అదే. తక్కువుంటే రెండు నెలల ముందే తెలియడం మేలు.

చలి గురించి క్లుప్తంగా. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్ర తాల్ దారిలో మంచు తుఫానులో చిక్కుకుని, కర్ణాటక నుంచి వెళ్ళిన బృందంలో 9 మంది చనిపోయారు. మనకు జూన్ అంటే వేసవి చివర. 4,000 మీటర్ల దగ్గర ఏ నెలలోనైనా కొన్ని గంటల్లో చలికాలం రావచ్చు. తడి, గాలి, అలసట మూడూ కలిస్తే ఒంటి వేడి 35 డిగ్రీల కంటే కిందికి పడిపోతుంది. వణుకు, తూలడం, మాట ముద్దగా రావడం గుర్తులు. వణుకు ఆగిపోతే బాగయినట్టు కాదు, ముదిరినట్టు. కాటన్ బనియన్లు, జీన్స్ ఇంట్లో వదిలేయండి, చెమటకు తడిసి ఆరవు. లోపల చెమట పీల్చే పలుచని పొర, మధ్యలో ఉన్నిదో ఫ్లీస్‌దో, పైన గాలీ వానా ఆపేది. నడక మొదలుపెట్టేముందు ఒక పొర తీయాలి, ఆగగానే వేసుకోవాలి. ఒక జత పొడి సాక్స్ నిద్రకు మాత్రమే. మంచు మీద నల్లద్దాలు లేకుండా ఒక పూట నడిచినా కళ్ళు దెబ్బతింటాయి.

తిండి విషయంలో అలవాటైన రుచి చాలా సాయం చేస్తుంది. ఎత్తు మీద ఆకలి చచ్చిపోతుంది. క్యాంపులో పెట్టే రొట్టె, పప్పు గొంతు దిగవు. చిన్న డబ్బాలో కందిపొడి, ఆవకాయ ఉంటే నాలుగు ముద్దలు ఎక్కువ తింటారు. నడుస్తూ తినడానికి పల్లీ చిక్కీ, నువ్వులుండలు, ఖర్జూరం.

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు మాలావత్ పూర్ణ వయసు 13 ఏళ్ళ 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి. ఆమెకూ, ఆమెతోపాటే శిఖరం ఎక్కిన ఆనంద్ కుమార్‌కూ శిక్షణ భువనగిరి గుట్ట మీద మొదలైంది. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత చలికాలపు లద్దాఖ్. ఒక్కో ఎత్తులో రోజులు గడిపాకే తర్వాతి ఎత్తు. ఎవరెస్ట్ దగ్గర కూడా వారాల తరబడి ఉన్నారు. ఆ పిల్లల పట్టుదల గురించి చాలా విన్నాం. వాళ్ళకు ఇచ్చిన గడువు గురించి తక్కువ విన్నాం.

మా తమ్ముడు సోమవారం మళ్ళీ వచ్చాడు. మేనేజర్‌తో మాట్లాడి ఇంకో రెండు రోజులు సెలవు తీసుకున్నాడు. ఒకటి సాంక్రిలో రెండో రాత్రికి. రెండోది, వాతావరణం బాగోలేకపోయినా ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోయినా శిఖరం ఎక్కే రోజును ఒకరోజు వెనక్కి జరపడానికి. అంతా సవ్యంగా జరిగితే ఆ రోజు డెహ్రాడూన్‌లో నిద్రపోతానన్నాడు.

"ఇప్పుడు చెప్పన్నా, షూస్ ఏవి తీసుకోను?"

వచ్చే శనివారం సాయంత్రం కొనడానికి వెళ్తున్నాం. ఆ తర్వాతి ఆదివారం అలిపిరి. దిగడం కూడా మెట్ల మీదుగానే.